61 రోజుల వేట నిషేధం సరిపోతుందా?

కొత్తపట్నం కుర్రోడు:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు ఆపుతున్నాం, బాగానే ఉంది. కానీ జూన్ 15న అన్ని బోట్లూ ఒకేసారి సముద్రం మీద పడి వేలెడంత పిల్ల చేపల్ని కూడా ఊడ్చేస్తే ఆపింది దేనికి? చేపల సంపద ఒకసారి దెబ్బతింటే మళ్ళీ కోలుకోదంటున్నారు, నిజమేనా?

జువ్వలదిన్నె అన్న:
మన జీవితకాలంలో కోలుకోకపోవచ్చు తమ్ముడూ. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప కుప్పకూలితే 1992లో వేట ఆపేశారు, రెండేళ్ళు చాలనుకున్నారు, ఆ నిషేధం అధికారికంగా ఎత్తేసింది మాత్రం 2024లో! ఎక్కువ గుడ్లు పెట్టే పెద్ద తల్లి చేపలు పోయాయి, పైగా కాడ్ తినే కేపెలిన్ అనే చిన్న చేప కూడా పడిపోయింది. మేత లేకపోతే వల ఆపినంత మాత్రాన ఏం పెరుగుతుంది?

రామాయపట్నం:
చట్టం లేక కాదు. 1994 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నాటు పడవలదే. రాత్రి ఒడ్డున నిలబడి చూడండి, మరబోట్ల లైట్లు ఎంత దగ్గరో. ముందు అది ఆపండి.

కొత్తపట్నం కుర్రోడు:
సరే అన్నా, వల సంగతి?

జువ్వలదిన్నె అన్న:
ట్రాల్ వల, అంటే బోటు వెనక ఈడ్చుకెళ్ళే వల, దాని చివరి సంచికి 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను (వల రంధ్రం) పెట్టాలి. మామూలు కన్ను లాగేటప్పుడు బిగుసుకుపోతుంది, చదరం తెరుచుకునే ఉంటుంది, పిల్ల చేపలు జారిపోతాయి. మొదట్లో పట్టు కొంచెం తగ్గుద్ది, ఓనర్లు గొణుగుతారు. ఒక్క బోటు మారిస్తే లాభం లేదు, రేవంతా మారాలి.