బాచుపల్లా, నాగోలా? ట్రిపుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కోసం

ప్రశ్న: ఆఫీసు హైటెక్ సిటీలో. ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్లు కూడా మాతోనే. బడ్జెట్ 90 లక్షలు, రిజిస్ట్రేషన్‌తో కలిపి. ఎటు వెళ్లమంటారు?

జవాబు 1: మ్యాప్‌లో దూరం తక్కువని చూసి బాచుపల్లి అనుకోకండి. మియాపూర్ మెట్రో ఎక్కితే అమీర్‌పేట దాకా వెళ్లి, రైలు మారి, మళ్లీ వెనక్కి రావాలి. కాబట్టి నిజాంపేట, జేఎన్‌టీయూ మీదుగా రోడ్డే గతి. నాగోలు దూరమే, కానీ హైటెక్ సిటీ మీదుగా వెళ్లే రాయదుర్గం మెట్రో నేరుగా అక్కడే బయల్దేరుతుంది, సీటు దొరుకుతుంది. సోమవారం ఉదయం తొమ్మిదింటికి రెండు దారులూ ఒకసారి వెళ్లి చూడండి.

జవాబు 2: ఏరియా కన్నా నీళ్లు ముఖ్యం సార్. ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ లెక్కలు అడిగి, ట్యాంకర్ల ఖర్చు చూడండి. బోరు ఉందంటే సరిపోదు, వేసవిలో ఎన్ని గంటలు పోస్తోందో వాచ్‌మన్‌నే అడగండి. నిజం అతనే చెప్తాడు.

జవాబు 3: రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం పక్కన పెట్టండి. నిర్మాణంలో ఉన్నదైతే జీఎస్టీ 5 శాతం అదనం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. అంటే జీఎస్టీ లేకపోయినా మీ 90లో ఫ్లాట్ ధర దాదాపు 83 లక్షలే. రెండు చోట్లా చెరువులున్నాయి, సర్వే నంబరుతో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు), బఫర్ (దాని చుట్టూ ఏమీ కట్టకూడని జాగా) హద్దులు చూసుకోండి. 25 ఎకరాలు దాటిన చెరువుకి బఫర్ 30 మీటర్లు. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. సేల్ డీడ్‌లో స్థలంలో మీ వాటా ఎన్ని గజాలో అంకెల్లో ఉండాలి.

ప్రశ్న వేసినవారు: కార్ పార్కింగ్ కూడా డీడ్‌లో రాయించాలా?

జవాబు 3: తప్పకుండా, స్లాట్ నంబరుతో సహా.