పళ్ళు అరిగిన పార్కింగ్ బ్రేకు పెడల్: వెల్డింగ్ చేయించవచ్చా, కొత్త భాగమే వేయాలా?

పాండురంగాపురం వాసి:
మా ఇంట్లో 1970ల నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్ ట్రక్కు ఉంది. తాతగారు ఓడరేవు పనులు చేయించే రోజుల్లో కొన్న బండి. ఇప్పుడు సరుకు మోయకపోయినా అప్పుడప్పుడు రోడ్డెక్కుతుంది. దీనికి చేతితో లాగే హ్యాండ్ బ్రేకు లేదు. డ్యాష్‌బోర్డు కింద ఎడమ మూలన కాలితో తొక్కే చిన్న పెడల్ ఉంది; తొక్కితే కటకటమంటూ దిగి పళ్ళలో పడి నిలుస్తుంది, పైనున్న పిడి లాగితే విడుదలవుతుంది. కొంతకాలంగా ఆ పెడల్ దిగి, నిలిచినట్లే నిలిచి, మేము బయటికి వచ్చి తలుపు వేసేసరికి టక్కున పైకి లేచిపోతోంది. మాది విశాఖలో పాండురంగాపురం డౌన్ అనే వాలు వీధిలో ఇల్లు కనుక ఇది ఊరుకోదగిన విషయం కాదు. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ అరిగిన పళ్ళ మీద వెల్డింగ్ పోసి ఆకురాయితో రుద్దితే చాలునన్నారు; మరొకరు ఆ పని తాను ముట్టుకోనని, విదేశం నుంచి పూర్తి పెడల్ అసెంబ్లీ (పళ్ళు, కొక్కెం అన్నీ కలిసిన యూనిట్) తెప్పించుకోమని అన్నారు. ఎవరి మాట సరైనది?

ఆటోనగర్ మెకానిక్:
వెల్డింగ్ పనికిరాదని చెప్పేవారిలో చాలామంది ఆ పని సరిగ్గా జరగగా చూసి ఉండరని నా అభిప్రాయం. గట్టి పూత పోసే రాడ్డుతో కొంచెం కొంచెంగా పోస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ, అరగని పళ్ళ అచ్చును రేకు మీద కత్తిరించుకొని దానికి సరిపోయేలా గ్రైండ్ చేస్తే ఆ పళ్ళు బండి ఉన్నంతకాలం ఉంటాయి. పైగా మనం రోజూ తొక్కేది మధ్యలోని కొన్ని పళ్ళ వరకే కాబట్టి అరుగుదల కూడా అక్కడే ఉంటుంది. ఆ కాస్త పనికి విదేశం నుంచి పూర్తి అసెంబ్లీ తెప్పించమనడం, దాని మీద సుంకం కట్టించడం న్యాయం కాదు.

ఉక్కునగరం, విశ్రాంత యాంత్రిక ఇంజనీరు:
మెకానిక్ గారి చేతిపనిని నేను శంకించడం లేదు. అయితే వారు పంటి ఎత్తు గురించే మాట్లాడుతున్నారు, పంటి వాలు గురించి మాట్లాడడం లేదు. పెడల్‌ను పట్టి ఉంచే కొక్కెం పంటి ముఖం మీద ఆనే కోణం చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది, కాని భద్రత అంతా దానిమీదే ఆధారపడి ఉంది. ఆ ముఖం కాస్త లోపలికి వాలి ఉంటే, పెడల్ నుంచి చక్రాల బ్రేకులకు పోయే కేబుల్ ఎంత గట్టిగా లాగితే కొక్కెం అంత లోతుగా దిగుతుంది. చేత్తో రుద్దినప్పుడు ఆ ముఖం కొద్దిగా బయటికి తిరిగినా, అదే లాగుడు కొక్కేన్ని బయటికి నెట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు దాన్ని ఆపేది రాపిడి, చిన్న స్ప్రింగు తప్ప మరేమీ ఉండదు. ఇక వేడి సంగతి వేరే చెప్పాలి. గట్టిపరచిన పళ్ళ పక్కన వెల్డింగ్ వేడి తగిలితే ఆ పక్క పళ్ళు మెత్తబడతాయి, కనుక ఈ రోజు రెండు పళ్ళు బాగుచేయించుకొని రేపు వాటి పక్కవి పోగొట్టుకోవడం జరుగుతుంది.

తలుపు వేసే అదురుకు పెడల్ లేచిపోతోందన్న వివరం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. కొక్కెం రెండు పళ్ళ మధ్య గుంటలో దిగకుండా పంటి కొన మీదే నిలబడితే సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది. 1990ల తొలి సంవత్సరాల ఫోర్డ్ ఎఫ్ శ్రేణి ట్రక్కులలో, కేబుల్ బిగువును తనంతట తానే సర్దుకునే రకం పార్కింగ్ బ్రేకులో ఈ కొన మీద కొన నిలిచే లోపం బయటపడింది, 1994లో సంస్థ ఆ బండ్లను వెనక్కి పిలిపించింది. ఆ ఏడాదే నెవాడాలో ఆగి ఉన్న అలాంటి ట్రక్కు కదలి మూడేళ్ళ పిల్లవాడి ప్రాణం తీసింది; ఆ కుటుంబం ఫోర్డ్ మీద వేసిన వ్యాజ్యంలో అప్పీలు న్యాయస్థానం తీర్పు 2002లో వచ్చింది. మీ బండి యంత్రాంగం ఆ రకానిది కాదు, కాని మీ దగ్గర అరుగుదల వల్ల అదే స్థితి ఏర్పడి ఉండవచ్చు.

నా సలహా ఇది: అసెంబ్లీ విప్పించి, పళ్ళున్న పలకను అచ్చుగా తీసుకొని, అరగని పళ్ళ కొలతలతో గట్టిపరచడానికి వీలైన ఇ.ఎన్. 8 రకపు ఉక్కు పలక నుంచి, విద్యుత్తు పారే సన్నని తీగతో లోహాన్ని కోసే వైర్ కట్ యంత్రం మీద కొత్త పలకను కోయించండి. పళ్ళ వరకు గట్టిపరిపించి, కొక్కేన్ని, స్ప్రింగును కూడా కొత్తవి వేయించండి. విదేశం నుంచి ఏదీ తెప్పించనక్కరలేదు, ఈ పని విశాఖలోనే జరుగుతుంది.

ఫిషింగ్ హార్బరు వాడు:
ఇద్దరూ పళ్ళ దగ్గరే ఆగిపోయారు. విడుదల పిడి నుంచి కొక్కేనికి వచ్చే సన్నని తీగ తన గొట్టంలో తుప్పు పట్టి వెనక్కి పోకపోతే, కొక్కెం ఎప్పుడూ సగం లేచే ఉంటుంది. పళ్ళు కొత్తవైనా నిలవవు. సముద్రపు గాలికి ఇక్కడి బండ్లలో ఇది మామూలే. సమతలం మీద, చక్రాలకు అడ్డం పెట్టి, ఆ తీగను కొక్కెం నుంచి విప్పేసి పెడల్ తొక్కండి, పక్కన సుత్తి పిడితో తట్టండి. నిలిస్తే తప్పు తీగదే, నిలవకపోతే పళ్ళదో స్ప్రింగుదో. దీనికి ఖర్చేమీ లేదు.

కంచరపాలెం లారీ యజమాని:
అయ్యా, ఇంత చర్చ దేనికి? మోటారు వాహనాల చట్టం, 1988లోని 126వ సెక్షన్ చదవండి. డ్రైవరు సీటులో లైసెన్సున్న మనిషి లేకుండా బండిని నిలిపితే, ఇంజను ఆపి బ్రేకు వేసి ఉండాలి, లేదా బండి తనంతట కదలకుండా ఇతర చర్యలు తీసుకొని ఉండాలి అంటుంది. ఫస్ట్ గేరులో వేసి, వాలు వైపు చక్రాలకు రెండు చెక్క దిమ్మలు పెడితే ఆ ఇతర చర్యలు తీసుకున్నట్లే. మా క్లీనర్లు అనంతగిరి ఘాట్‌లో బండి ఆపితే ముందు చేసే పని అదే. మరీ అంతగా కావాలంటే పెడల్ తీసేసి పాత జీపు హ్యాండ్ బ్రేకు లివరు బిగించుకోండి.

ఉక్కునగరం, విశ్రాంత యాంత్రిక ఇంజనీరు:
సెక్షన్ మీరు చెప్పినట్లే ఉంది. కానీ అది బండిని నిలిపేవాడి బాధ్యతను చెబుతుంది, బ్రేకు పనిచేయకపోయినా ఫరవాలేదని చెప్పదు. బండి బ్రేకులు ఎలా ఉండాలో 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు వేరుగా చెబుతాయి, పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు తనిఖీ చేసేవారు మీ చెక్క దిమ్మలను లెక్కలోకి తీసుకోరు.

లివరు మార్పిడి గురించి మాత్రం గట్టిగా హెచ్చరించాలి. ఐక్యరాజ్యసమితి 13వ వాహన నియమం ప్రకారం సరుకు బండి పార్కింగ్ బ్రేకు నిండు బరువుతో 18 శాతం వాలు మీద నిలవాలి; దానికి కాలితో తొక్కే బలం సుమారు 70 కిలోలు, చేతితో లాగేది 60 కిలోలు దాటకూడదు. రెండు టన్నుల బండిని ఆ వాలు కిందికి లాగే బలం సుమారు 350 కిలోల బరువుకు సమానం. పెడల్ పొడవు, కేబుల్ ప్రయాణం, చక్రంలోని బ్రేకు డ్రమ్ములో ఉండే లివరు, ఇవన్నీ కాలి బలాన్ని దృష్టిలో పెట్టుకొని కుదిర్చినవి. ఆ లెక్కలు చూడకుండా జీపు లివరు బిగిస్తే, తెల్లవారి చల్లని బండిని ఆపగలిగినా సింహాచలం కొండ దిగి వచ్చిన వేడి డ్రమ్ములతో ఏమి చేస్తుందో చెప్పలేము.

ఆటోనగర్ మెకానిక్:
కోణం గురించి ఇంజనీరు గారు చెప్పినదాన్ని ఒప్పుకుంటాను. రేకు అచ్చు పెట్టమన్నది అందుకే, ఉత్త కంటి అంచనాతో రుద్దేవాడికి ఆ పని ఇవ్వకూడదు. పలక కోయించడానికి కూడా నాకు అభ్యంతరం లేదు. అయితే ఒక మాట మీ చర్చలో రానేలేదు. పెడల్ దాదాపు అడుగుకు దిగితే తప్ప బ్రేకు పట్టడం లేదంటే, డ్రమ్ముల్లో షూలు (డ్రమ్ముకు ఒత్తుకొని చక్రాన్ని ఆపే పట్టీలు) అరిగి దూరమయ్యాయని అర్థం. అప్పుడు ప్రతిసారీ చివరి పళ్ళ మీదే భారం పడుతుంది. ముందు షూలను డ్రమ్ముకు దగ్గరగా సర్దించి, ఆ తర్వాతే కేబుల్ బిగించాలి. చాలాచోట్ల కేబుల్ ఒక్కటే లాగి బిగించేస్తారు, షూలు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి.

పాండురంగాపురం వాసి:
హార్బరు మిత్రులు చెప్పినట్లు తీగ విప్పి చూశాను. తీగ నిజంగానే బిగుసుకుపోయి ఉంది, కానీ అది విప్పిన తర్వాత కూడా పెడల్ తట్టగానే లేస్తోంది. టార్చి వేసి చూస్తే మధ్యలోని పళ్ళ కొనలు గుండ్రంగా, అద్దంలా మెరుస్తూ ఉన్నాయి; పైన, కిందనున్నవి వాడిగానే ఉన్నాయి. కొక్కెం కొన కూడా ఒక పక్కకు అరిగింది. కాబట్టి పలక, కొక్కెం, స్ప్రింగు, తీగ నాలుగూ కొత్తవి చేయించాలనే అనుకుంటున్నాను. అవి వచ్చేదాకా బండి మా గేటు లోపల సమతలం మీదే ఉంటుంది.

ఆటోనగర్ మెకానిక్:
మంచిది. కొక్కేన్ని మాత్రం పలక కంటే కాస్త మెత్తగా ఉంచమని చెప్పండి. అరిగితే అదే అరగాలి, మార్చడం తేలిక. పలకను బ్రాకెట్‌కు పట్టి ఉంచే రివెట్ల స్థానంలో బోల్టులు వేస్తామంటే సరైన రకం బోల్టు, తిరిగి వదులుకాని నట్టు వేయమనండి. ఏ బోల్టు దొరికితే ఆ బోల్టు బిగిస్తే రంధ్రం పెద్దదై పలక ఊగుతుంది, మీరు మళ్ళీ ఇదే ప్రశ్నతో వస్తారు.