జెన్నే పెద్ద మసీదుకు ఏటా మట్టి మెత్తడమేనా, ఒక్కసారి గట్టి పూత వేసి వదిలేయొచ్చా? (మారుపేర్లతో నలుగురి చర్చ)

బంకమన్ను: పశ్చిమాఫ్రికాలో మాలి దేశంలోని జెన్నే మసీదు పచ్చి ఇటుకల కట్టడం. పాత మసీదు శిథిలమయ్యాక ఇప్పుడున్నది 1907లో పూర్తయింది. జెన్నే పాత పట్టణాలు 1988లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి, 2016లో ‘ప్రమాదంలో ఉన్నవి’ జాబితాలో పడ్డాయి. దాదాపు 16 మీటర్ల దాకా ఎత్తున్న బురుజులెక్కి ఊరంతా ఏటా వానలకు ముందు మట్టి మెత్తుతుంది. ఇంత శ్రమ ఎందుకు? సిమెంటు పూత ఒక్కసారి వేస్తే ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు కదా అని నా వాదన.

తాపీపలక: ఆ ప్రయోగం మాలిలోనే మరో ఊళ్లో జరిగిపోయిందండీ. మోప్తి మసీదు జెన్నే పోలికలో 1930లలో మొదలుపెట్టి కట్టింది. 1978లో దాని పై భాగానికి సిమెంటు పూశారు. గోడ చెడింది. 2004–06లో పాత కట్టడాలు బాగుచేయించే ఆగాఖాన్ ట్రస్టు ఆ సిమెంటు ఊడగొట్టి మరమ్మతు చేయాల్సి వచ్చింది.

కారణం చెప్తాను. మట్టిగోడ చెమ్మ పీల్చుకుని మళ్లీ వదులుతుంది, దాంతోపాటే ఉబ్బి కుంచించుకుంటుంది. సిమెంటు గట్టిగా ఉంటుంది, గోడతో పాటు కదలదు. వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి, వాననీరు వాటిలోంచి దిగుతుంది, ఎండకు బయటికి రాలేదు. లోపల ఇటుక మెత్తబడిపోతున్నా పైకి అంతా బాగానే కనిపిస్తుంది. చివరికి పూత పెచ్చులుగా ఊడేటప్పుడు గోడ ముఖాన్ని కూడా లాక్కుపోతుంది. మట్టిపూత అయితే తాను కరిగి గోడను కాపాడుతుంది. ఏటా అరిగిపోవడమే దాని పని.

బంకమన్ను: సిమెంటు వద్దన్నారు, సరే. సున్నం చెమ్మను వదులుతుంది కదా?

తాపీపలక: వదులుతుంది. కానీ మెత్తటి మట్టిగోడ మీద సున్నం నేరుగా పట్టదు, గోడకు గాట్లు పెట్టాలి. ఇంత ఎత్తైన కట్టడంలో ఎక్కడో ఒకచోట పట్టు వదిలి డొల్ల అవుతుంది, ఆ డొల్లలో నీరు చేరుతుంది. పైగా ఏటా మెత్తే పనితో గోడ తనిఖీ కూడా జరుగుతోంది. ప్రతి చదరపు అడుగూ మేస్త్రి చేతికి తగులుతుంది.

ఊకపొట్టు: పని తీరు తెలిస్తే ‘శ్రమ దండగ’ అనరు. బానీ నది ఒండ్రు తెచ్చి గుంటల్లో నానబెడతారు, వరి ఊక కలుపుతారు. రోజుల తరబడి పులియనిస్తూ మధ్యమధ్య కలియతిప్పాలి. పిల్లలు ఆ గుంటల్లో దిగి ఆడుతూనే తొక్కేస్తారు. ఆడవాళ్లు నీళ్లు మోస్తారు, మగవాళ్లు మట్టి మోస్తారు, మేస్త్రుల సంఘం చెప్పినట్టు పూత సాగుతుంది. ఊక తగ్గితే ఆరేటప్పుడు పూత బీటలు వారుతుంది. పులియకుండా పూస్తే జిగురు చాలదు, మొదటి గట్టి వానకే జారుతుంది.

మసీదు గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చి కనిపించే దూలాలు మన తాడిచెట్టుకు దాయాది అయిన ఆఫ్రికా తాటివి. మెత్తేవాళ్లు వాటి మీదే నిలబడతారు. అంటే కట్టినవాళ్లు మరమ్మతును ముందే ఊహించి పరంజాను గోడలోనే పెట్టేశారు! నాకు ఈ కట్టడంలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

మట్టిమిద్దె: అందరూ పూతను మెచ్చుకుంటున్నారు, బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. లెక్క వేయండి. 2 సెంటీమీటర్ల మందం, ఘనమీటరుకు సుమారు 1,700 కిలోలు అనుకుంటే చదరపు మీటరుకు 34 కిలోలు. వాన సగం కడిగేసినా పదేళ్లలో 170 కిలోలు మిగులుతుంది. కప్పు మీద ఈ బరువంతా మోయాల్సింది తాటి దూలాలే. మన రాయలసీమ మట్టిమిద్దెల మీద చవుడు పోసేవాళ్లకూ ఇదే చిక్కు: పాతది తీయకుండా కొత్తది పోస్తూ పోతే దూలం వంగుతుంది.

2009 నవంబరు 5న ఒక్కరోజులో 75 మిల్లీమీటర్ల వాన పడి, కిబ్లా గోడ (నమాజు చేసేటప్పుడు ఎదురుగా ఉండే, మక్కా వైపు గోడ) దక్షిణపు బురుజు పై భాగం కూలింది. నానిన మట్టికి బరువు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. మట్టిపూత ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు.

బంకమన్ను: మరి గీకేయొచ్చుగా?

మట్టిమిద్దె: గీకాలి, కానీ ఊరికి చెప్పి గీకాలి. 2006 జనవరి 20న మరమ్మతు పథకంలో భాగంగా కొందరు మసీదు కప్పును తవ్వుతుంటే చూసి జెన్నేలో అల్లర్లు చెలరేగాయి. తమ చేతులతో మెత్తిన కప్పును చెప్పకుండా ఎవరో తవ్వుతుంటే ఎవరికైనా మండుతుంది. మేస్త్రుల సంఘాన్ని ముందు నిలబెట్టి, ఒక్కో ఏడు ఒక్కో ముఖాన్ని గీకి, ఆ ఏడే మెత్తితే సరిపోతుంది.

ఊకపొట్టు: దీనికి ఒప్పుకుంటాను. ఒక్కటి కలపండి: గీకేటప్పుడు కప్పు అంచున వాననీటిని గోడకు దూరంగా దింపే మట్టి తూములు పగలకుండా చూడాలి. తూము పగిలితే నీళ్లు గోడ వెంటే జారతాయి, ఆ చోట పూత ఎంత వేసినా నిలవదు.

బంకమన్ను: మసీదు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. జెన్నేలోని మట్టి ఇళ్ల విషయంలో మాత్రం కాదు. మసీదుకు ఊరంతా వస్తుంది. మామూలు ఇంటివాడు మట్టి, ఊక, కూలి సొంతంగా భరించాలి. అందుకే కొందరు గోడలకు కాల్చిన మట్టి పలకలు అతికించారు. వారసత్వ నియమాలు అది కూడదంటాయి. నియమం పెట్టినవాళ్లు ఊక ఖర్చు కూడా పెట్టాలి.

తాపీపలక: పలకల వెనక కూడా నీరు చేరుతుంది, జాగ్రత్త. ఖర్చు మాట మాత్రం న్యాయమే. ఇళ్లకు మట్టి, ఊక ఉచితంగా అందించి, మేస్త్రి కూలిలో సగం భరిస్తే పలకలు అడిగేవాళ్లు చాలావరకు తగ్గుతారని నా అంచనా.