చలికి ఇంజన్ మిస్సింగ్, పికప్ డౌన్: తప్పు ఈ20 పెట్రోల్‌దా, బండిదా?

ఆదిలాబాద్_2017:
మాది 2017 మోడల్ పెట్రోల్ కారు. 1.2 లీటర్, నాలుగు సిలిండర్లు, 71 వేల కిలోమీటర్లు తిరిగింది. బడిలో ప్రార్థన వేళకు చేరాలంటే పొద్దున ఏడింటికల్లా ఇంట్లోంచి బయల్దేరాలి. చలి మొదలైనప్పటి నుంచి రోజూ ఇదే టెన్షన్. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది, కానీ ఒకటి రెండు నిమిషాలు బండంతా వణుకుతుంది. ఆర్‌పీఎం 600కి పడిపోయి మళ్ళీ 1100కి లేస్తుంది. ఇంజన్ లాంప్ వెలిగి ఆరుతూ ఉంటుంది. అలాగే బయల్దేరితే ఎత్తు మీద రెండో గేరులో కూడా లాగదు. వింతేమిటంటే, ఐదారు కిలోమీటర్లు పోయాక ఆపి, కీ తిప్పి మళ్ళీ స్టార్ట్ చేస్తే పికప్ మామూలుగా ఉంటుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఏ గొడవా లేదు.

ఒక సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టకుండానే, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లన్నీ మార్చాలని 34 వేలు చెప్పారు. మా స్టాఫ్ రూంలో మాత్రం అందరూ ఇథనాల్ పెట్రోల్ వల్లే అంటున్నారు. నిజంగా ఇంధనమేనా కారణం?

వరంగల్_రైడర్:
ఇంధనమే సార్. 2017 బండి ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ కోసం చేసింది కాదు. ఈ20ని తట్టుకునే రబ్బరు, సీళ్ళు కొత్త బండ్లకు వచ్చిందే 2023 ఏప్రిల్ నుంచి. 20 శాతం కలపడం మొదట 2030కి అనుకున్నారు, దాన్ని 2025కి లాక్కొచ్చారు. ఇప్పుడు బంకులో మనకు వేరే దారి లేదు. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే ఇథనాల్‌లో 21 మాత్రమే. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోల్ కంటే రెట్టింపు పైగా వేడి లాక్కుంటుంది. పొద్దున చల్లటి ఇంజన్‌లో ఆ వేడి ఎక్కడిది? నా బండి కూడా చలికాలంలో మొరాయిస్తోంది, మైలేజీ కూడా తగ్గింది.

ఆటోనగర్_22ఏళ్ళు:
మాస్టారూ, ముందు ఒక మాట. ఇంజన్ లాంప్ వెలిగి ఆరుతూ ఉన్నప్పుడు రైజ్ చేసి తోలకండి. స్థిరంగా వెలిగితే బండి మెల్లగా తోలి షెడ్డుకు రావచ్చు. కొట్టుకుంటూ వెలిగితే మిస్సింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ కాలకపోవడం, గట్టిగా ఉందని అర్థం. కాలని పెట్రోల్ సైలెన్సర్ లైన్‌లోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. దాని ఖరీదుతో పోలిస్తే మీకు చెప్పిన 34 వేలు కూడా చిన్నగానే కనిపిస్తాయి.

రెండో మాట, మీరు వింత అన్నదే నాకు అసలు ఆధారం. ఒక సిలిండర్ బాగా మిస్ అవుతుంటే చాలా బండ్లలో కంప్యూటర్ ఆ సిలిండర్‌కు ఇంజెక్టర్ ఆపేస్తుంది, కన్వర్టర్‌ను కాపాడటానికి. అప్పుడు మీరు మూడు సిలిండర్ల మీద పోతున్నట్టే, ఎత్తు ఎక్కడం కష్టం. కీ ఆపి మళ్ళీ వేస్తే నాలుగూ పనిచేస్తాయి. అందుకే పికప్ తిరిగొస్తోంది. స్కానర్ పెట్టించి కోడ్, అంటే కంప్యూటర్ రాసుకున్న లోపం నంబర్ చూడండి. పి0300 అంటే ఫలానా ఒక్క సిలిండర్ అని కాదు, అక్కడా ఇక్కడా మిస్ అవుతోందని. పి0301 నుంచి పి0304 అయితే చివరి అంకె సిలిండర్ నంబర్. పెట్రోల్ నాలుగు సిలిండర్లకూ ఒకటే కదా. తప్పు దానిదైతే నాలుగూ అల్లరి చేయాలి.

వరంగల్_రైడర్:
అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఒకటి చెప్పండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ పని చేయదు. కంప్యూటర్ ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం పెట్రోల్ కొడుతుంది. ఆ లెక్క ఈ10, అంటే పది శాతం ఇథనాల్ పెట్రోల్ కోసం రాసింది. ఈ20 పోస్తే గాలికి తగ్గ ఇంధనం చాలక మిశ్రమం పలచబడుతుంది. వేడెక్కాక సెన్సర్ సరిచేస్తుంది కాబట్టి సాయంత్రం బాగుంటుంది. సార్ చెప్పిన లక్షణం అచ్చం ఇదే కదా?

డెట్రాయిట్_తెలుగు:
రైడర్ గారూ, ఈ చర్చలో ఇంధనం వైపు ఇంత బలమైన వాదన ఇంకెవరూ చేయలేదు, కాబట్టి దీనికి సరైన జవాబు ఇవ్వాలి. నేను ఇంజన్ కాలిబ్రేషన్ పనిలోనే ఉన్నాను. ఒక కిలో ఇంధనం పూర్తిగా కాలడానికి ఈ10కి సుమారు 14.1 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5. తేడా నాలుగైదు శాతం. చల్లటి స్టార్ట్‌లో కంప్యూటర్ అవసరానికి మించి చాలా ఎక్కువ పెట్రోల్ కొడుతుంది, ఆ మిగులులో ఈ తేడా కలిసిపోతుంది. అదీగాక, వేడి మీద నేర్చుకున్న సవరణను చాలా కంప్యూటర్లు గుర్తుపెట్టుకుని మరుసటి పొద్దున కూడా వాడతాయి. దాన్నే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంటాం. మాకు ఇక్కడ ఈ10 పోసి సున్నాకు పది డిగ్రీల కింద కూడా స్టార్ట్ చేస్తాం. బ్రెజిల్‌లో నూరు శాతం ఇథనాల్‌తో నడిచే కార్లకు చలి స్టార్ట్ కోసం చిన్న పెట్రోల్ ట్యాంకు పెట్టేవారు. అంత శాతంలో అది నిజమైన సమస్య. 20 శాతం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ వణకదు.

వరంగల్_రైడర్:
మీది పది శాతం, మాది ఇరవై. ఆ తేడా మీరు తేలిగ్గా దాటేశారు. నీతి ఆయోగ్ 2021 నివేదికే పాత కార్లకు మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుందని రాసింది.

డెట్రాయిట్_తెలుగు:
మైలేజీ విషయంలో మీతో నాకు పేచీ లేదు, ఆ నష్టం నిజం. ఒక సిలిండర్ మిస్ కావడం మాత్రం వేరే సంగతి. ట్రిమ్ విలువ ప్లస్ 5 శాతం దగ్గర ఉంటే అది ఇథనాల్ లెక్క. ప్లస్ 18, ప్లస్ 20 ఉంటే ఎక్కడో గాలి లీక్ అవుతోందని వెతకాలి. ఈ అంకె చూస్తే మన ఇద్దరి గొడవా తీరుతుంది.

ఏలూరు_పాతబండి:
నాకు ఇలాగే ఉంటే ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ మసి తుడిపించాను, తగ్గింది. ముందు అది చేయించండి.

ఆటోనగర్_22ఏళ్ళు:
మసి వల్ల ఆర్‌పీఎం ఊగుతుంది బాబూ, లాంప్ అలా కొట్టుకుంటూ వెలగదు. థ్రాటిల్ సెన్సర్ తేడా చేసినా పవర్ తగ్గించేస్తుంది, కానీ దాని కోడ్ వేరు.

ఆదిలాబాద్_2017:
స్కానర్ పెట్టించాను. పి0303 వచ్చింది. వేడి మీద లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 6. పొద్దున సెల్ఫ్ కొట్టకముందు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) సెన్సర్ 11 డిగ్రీలు, గాలి సెన్సర్ 12, రెండూ దాదాపు ఒకటే. అంటే సెన్సర్లు సరిగానే ఉన్నట్టున్నాయి. మూడో సిలిండర్ ప్లగ్గు, దానికి కరెంటు ఇచ్చే కాయిల్ తీసి ఒకటో దానికి మార్చాం. మరుసటి పొద్దున మళ్ళీ పి0303నే.

ఆటోనగర్_22ఏళ్ళు:
అయితే కాయిల్, ప్లగ్గు తప్పుకున్నాయి. ఇక మిగిలినవి ఇంజెక్టర్, వాల్వు, కంప్రెషన్. మాస్టారూ, మార్చినప్పుడు ఆ మూడో ప్లగ్గు ఎలా ఉంది? కూలెంట్ ఈమధ్య ఎప్పుడైనా పోశారా?

ఆదిలాబాద్_2017:
మిగతా మూడూ లేత గోధుమ రంగులో ఉన్నాయి. అదొక్కటే కడిగినట్టు తెల్లగా ఉంది. కూలెంట్ నెలలో రెండుసార్లు పోశాను. కింద ఎక్కడా చుక్క కనిపించలేదు, అందుకే దాని గురించి ముందు చెప్పలేదు.

ఆటోనగర్_22ఏళ్ళు:
కింద పడకపోతే లోపలికి పోతోంది. ఇంజన్ బ్లాక్‌కూ పైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, దాని దగ్గర సన్నటి దారి ఉండి ఉంటుంది. ఇంజన్ ఆపాక రేడియేటర్‌లో మిగిలిన ఒత్తిడికి రాత్రంతా చుక్కచుక్కగా మూడో సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున ఆ నీళ్ళు ఆవిరై పోయేదాకా మిస్సింగ్. సైలెన్సర్ దగ్గర తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తుందేమో చూడండి. రాత్రి రేడియేటర్‌కు ప్రెషర్ టెస్టర్ పెట్టి వదిలేయమనండి. పొద్దున ప్లగ్గు తీసి, సెల్ఫ్ కొట్టకముందే చిన్న కెమెరాతో పిస్టన్ పైన చూడమనండి. ఇది తేలేదాకా బండి బయటికి తీయకండి. నీళ్ళు ఎక్కువ చేరితే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఆదిలాబాద్_2017:
నిన్న రాత్రి టెస్టర్ పెట్టించాను. పొద్దునకు ముల్లు కిందికి పడింది. కెమెరాలో మూడో పిస్టన్ మీద పచ్చటి కూలెంట్ చుక్కలు నేనే చూశాను. మిగతా మూడూ పొడిగా ఉన్నాయి. హెడ్ దింపి, వంకర ఉంటే చదును (ఫేసింగ్) చేయించి, కొత్త గ్యాస్కెట్ వేస్తామన్నారు. ఇంజెక్టర్లకు 34 వేలు పోసి ఉంటే పొద్దున్నే మళ్ళీ ఇదే వణుకు ఉండేది. అన్నా, మీకు చాలా రుణపడి ఉన్నాను.

వరంగల్_రైడర్:
సార్ బండి విషయంలో నాది తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ నా బండికి కోడ్ ఏదీ లేదు, కూలెంట్ తగ్గలేదు. రేపు ట్రిమ్ విలువలు చూపించి ఇక్కడే పెడతాను. పాత బండ్లకు ఈ10 కూడా బంకుల్లో ఉంచాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఆటోనగర్_22ఏళ్ళు:
పెట్టండి తమ్ముడూ. చల్లటి స్టార్ట్‌లో ఒకసారి, వేడెక్కాక ఒకసారి. రెండూ కావాలి.