అమ్మమ్మ పాటల ఫైలు మూడు కాపీలైపోయింది, ఒకటి చెయ్యడం ఎలా?

కోనసీమ మనవరాలు:

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మకి 87 ఏళ్ళు. అమలాపురం దగ్గర పల్లెలో ఉంటుంది. దంపుళ్ళ పాటలు, అప్పగింతల పాటలు, లాలి పాటలు, మంగళహారతులు ఆవిడకి వచ్చినన్ని మా ఇళ్ళలో ఇంకెవరికీ రావు. రెండేళ్ళుగా వాటిని ఒక వర్డ్ ఫైల్లోకి ఎక్కిస్తున్నాం. ఇప్పటికి 64 పాటలు, 71 పేజీలు.

ఎక్కించేది ముగ్గురం. నేను హైదరాబాద్‌లో, పిన్ని రాజమండ్రిలో, తమ్ముడు న్యూజెర్సీలో. ఆదివారం ఎవరో ఒకరం అమ్మమ్మకి ఫోన్ చేసి పాడించుకుని, మన దగ్గరున్న ఫైల్లో దిద్ది వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. మిగతా ఇద్దరూ దాన్ని దింపుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. అనుకోవడం అయితే అలాగే అనుకున్నాం. కానీ తమ్ముడికి పగలైతే మాకు రాత్రి. వాడు పెట్టింది చూసేలోపే పిన్ని తన దగ్గరున్న పాత కాపీలో ఇంకో మూడు పాటలు ఎక్కించేస్తుంది. ఇప్పుడు గ్రూపులో 'పాటలు ఫైనల్', 'ఫైనల్ 2', 'పిన్ని దిద్దినది', 'ఇదే లేటెస్ట్' అంటూ 11 ఫైళ్ళున్నాయి. ఏ ఒక్కదాంట్లోనూ అన్ని పాటలూ లేవు.

నన్ను బాగా బాధపెట్టింది ఒక మాట. 12వ పేజీలో ఒక దంపుళ్ళ పాటలో 'గరిసె' వస్తుంది, వడ్లు పోసుకునే గరిసె. తమ్ముడు ఫోన్లో విని 'గరిట' అని కొట్టాడు. వాడు గరిసెని కంటితో చూసి ఎరగడు, వాణ్ణి అనడానికేం లేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నేను అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని ఫైలు మొత్తం చదివి వినిపించాను. ఆ మాట రాగానే చెయ్యి ఎత్తి ఆపింది. "గరిట కాదే, గరిసె. వడ్లు గరిటలో పోస్తారుటే?" అంది. వాళ్ళ పుట్టింట్లో పెరటి వైపు వసారాలో గరిసె ఎక్కడుండేదో, చిన్నప్పుడు అందులోకి ఎలా దిగేవారో చెప్పింది. అక్కడికక్కడే దిద్దాను. అలా ఆ రెండు రోజుల్లో 30కి పైగా మాటలు దిద్దాను.

నిన్న పిన్ని పంపిన తాజా ఫైలు తెరిస్తే మళ్ళీ 'గరిట' ఉంది. నా దిద్దుబాట్లు లేని కాపీ మీద పిన్ని పని చేసుకుంటూ పోయింది. ఇంకా ఎన్ని మాటలు అలా వెనక్కి పోయాయో! అవన్నీ అమ్మమ్మని మళ్ళీ అడుగుదామంటే ఆవిడకి ఇప్పుడు అంత ఓపిక లేదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

ఏ మాటా పోకుండా ఈ కాపీల్ని ఒకటి చెయ్యడం ఎలా? మళ్ళీ ఇలా కాకుండా ఏం చెయ్యాలి? పిన్ని కంప్యూటర్లో 2010 నాటి వర్డ్ ఉంది, నాది కొత్తది, తమ్ముడు లిబ్రె ఆఫీస్ (వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాం) వాడతాడు. పిన్ని వాళ్ళింట్లో నెట్ వచ్చిపోతూ ఉంటుంది.

పాత కంపోజర్, విజయవాడ:

అమ్మా, ముందుగా ఈ రోజు నుంచి ముగ్గురూ ఆ ఫైలు ముట్టుకోవద్దు. అమ్మమ్మగారు కొత్తది పాడితే ఫోన్లో రికార్డు చేసి ఉంచండి, టైపు తర్వాత చేసుకోవచ్చు. 11 ఫైళ్ళూ ఒక ఫోల్డర్లో పెట్టి, పేరు ముందు తేదీ తగిలించండి. ఒక్కటి కూడా తీసెయ్యొద్దు.

కలపడం మీ లాప్‌టాప్‌లోనే చెయ్యండి. వర్డ్‌లో రివ్యూ ట్యాబ్‌లో 'కంపేర్' అని ఉంటుంది. సంక్రాంతికి మీరు దిద్దిన కాపీ ఒకవైపు, పిన్నిగారి తాజా కాపీ ఇంకోవైపు ఇవ్వండి. తేడాలన్నీ రంగుల్లో చూపిస్తూ మూడో ఫైలు కొత్తగా తెరుచుకుంటుంది, అసలు రెండూ చెక్కుచెదరవు. ఒక్కో తేడా చూసి ఒప్పుకోవడమో, తోసెయ్యడమో చెయ్యండి. అది పూర్తయ్యాక, వచ్చిన ఫైలుని తమ్ముడి కాపీతో పోల్చండి. తమ్ముణ్ణి ముందు దాన్ని వర్డ్ ఫార్మాట్‌లో సేవ్ చేసి పంపమనండి. ఎప్పుడూ రెండేసి ఫైళ్ళే. 'అన్నీ ఒప్పుకో' అనే బటన్ జోలికి మాత్రం పోవద్దు, మీ గరిసె మళ్ళీ గరిట అయ్యేది అక్కడే.

తెలుగుకి సంబంధించి ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. మీలో ఎవరైనా అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసి ఉంటే, దాన్ని ముందు యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే అక్షరాల పద్ధతిలోకి మార్చాలి. ఆ ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగే అయినా ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. అందుకని కంపేర్ మొత్తం పాటనే తేడాగా చూపిస్తుంది. రెండోది కంటికి కనపడదు. 'నవంబర్' లాంటి పొల్లు మాట చివర కొందరి కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం ఒకటి చేరుస్తాయి. చూడ్డానికి రెండు మాటలూ ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం వేరు. రెండు వైపులా ఒకేలా కనిపిస్తున్నా ఎర్రగా చూపిస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే. కంగారు పడకుండా ముందుకి పోండి. కంపేర్ పెట్టెలో 'మోర్' నొక్కి ఫార్మాటింగ్ దగ్గర టిక్కు తీసేస్తే సగం గోల తగ్గుతుంది.

అనువాదాల పని చేసేదాన్ని:

పై ఆయన చెప్పినట్టు కలిపాక, దాన్ని మళ్ళీ వాట్సాప్‌లో పెట్టకండి, దయచేసి. వాట్సాప్‌లో పంపిన ప్రతిసారీ ఇంకో కాపీ పుడుతుంది, దానికీ మీ దగ్గరున్న ఫైలుకీ సంబంధం ఉండదు.

నెట్‌లోనే టైపు చేసుకునే గూగుల్ డాక్స్‌లోకి ఎక్కించండి. ఫైలు ఒక్కటే ఉంటుంది, ముగ్గురూ అందులోకే వస్తారు. పిన్నిగారి వర్డ్ ఏ ఏడాదిదన్న పేచీ ఉండదు, బ్రౌజర్ ఉంటే చాలు. నెట్ పోతుందన్నారు కాబట్టి, నెట్ ఉన్నప్పుడే క్రోమ్‌లో ఆ ఫైలుకి ఆఫ్‌లైన్ సదుపాయం ఆన్ చేసి పెట్టండి. నెట్ లేకపోయినా టైపు చేసుకుంటారు, రాగానే అదే కలుస్తుంది. అయితే ఇద్దరూ అదే లైను దిద్దితే కలిసినప్పుడు లైను చెడిపోవచ్చు, అందుకే పాటలు పంచుకుని పని చేసుకోండి.

మీ విషయంలో నాకు ముఖ్యమనిపించింది 'సజెస్టింగ్' మోడ్. అందులో మార్పు నేరుగా పడదు, పాత మాట కొట్టేసినట్టు, కొత్త మాట రంగులో పక్కన కనిపిస్తుంది. అమ్మమ్మగారి దగ్గర ఖాయం చేసుకున్నాకే ఒప్పుకోవచ్చు. నేను 200 పేజీల అనువాదాలు కూడా సంపాదకులతో ఇలాగే నడుపుతాను. ఇంకోటి, ఊరెళ్ళి వచ్చిన ప్రతిసారీ వెర్షన్ హిస్టరీలో (ఫైలు పాత రూపాలన్నీ దాచి ఉంచే చోటు) ఆ రోజు వెర్షన్‌కి 'సంక్రాంతి, అమ్మమ్మ విన్నది' అని పేరు పెట్టండి. రేపు ఏదైనా పాడైనా సరిగ్గా ఆ రోజుకి వెళ్ళొచ్చు.

సీమ కుర్రోడు:

అక్కా, వర్డ్ ఫైలుగానే ఉంచి గూగుల్ డ్రైవ్ లాంటి, నెట్ ద్వారా అందరి కంప్యూటర్లలోకీ అదే కాపీ చేరే సింక్ ఫోల్డర్లో పడేస్తే చాలని కొందరు చెప్తారు. నేను చేసి దెబ్బతిన్నా. వర్డ్ ఫైలు లోపల ఒక జిప్ మూట (చాలా చిన్న ఫైళ్ళు కుదించి కట్టింది), మామూలు సింక్ ఫోల్డర్ దాన్ని మొత్తంగానే పంపుతుంది గానీ లోపలి లైన్లు కలపలేదు. ఇద్దరూ ఒకేసారి సేవ్ చేస్తే రెండు ఫైళ్ళు మిగులుతాయి, మళ్ళీ మొదటికే. పైగా గూగుల్ డ్రైవ్‌లో అలా ఉంచిన వర్డ్ ఫైలు పాత వెర్షన్లు 'ఎప్పటికీ ఉంచు' అని గుర్తు పెడితే తప్ప 30 రోజులకో, 100 వెర్షన్లకో చెరిగిపోవచ్చు. ఎక్కించాక దాన్ని తెరిచి, ఫైల్ మెనూలో 'గూగుల్ డాక్స్‌గా సేవ్ చెయ్యి' కొట్టండి.

కోనసీమ మనవరాలు:

మీ ముగ్గురికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. శుక్రవారం రాత్రి కూర్చుంటే ఆదివారం మధ్యాహ్నానికి తేలింది. నాదీ పిన్నిదీ పోలిస్తే 412 తేడాలు! గుండె గుభేల్‌మంది. కంపోజర్ గారు చెప్పినట్టే ఎక్కువ భాగం కంటికి కనపడని ఆ అక్షరమే. అసలు తేడాలు 90 లోపు. నా సంక్రాంతి దిద్దుబాట్లన్నీ దొరికాయి. తమ్ముడి కాపీలో మా ఇద్దరికీ తెలియని హారతి ఒకటి బయటపడింది. పోయిన ఏడాది ఎక్కించి, గ్రూపులో పెట్టడం మర్చిపోయాట్ట.

ఒక లాలి పాట మాత్రం ఎంత చూసినా కుదరలేదు. పిన్ని కాపీలో నాలుగు చరణాలు, నా కాపీలో ఆరు, మాటలు కూడా వేరు. ఎవరిది తప్పో అని అమ్మమ్మకి ఫోన్ చేశాను. రెండూ పాడింది. ఒకటి వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నదిట, రెండోది అత్తగారి దగ్గర. రెండూ ఉంచాం, ఎవరి దగ్గర నేర్చుకుందో కింద రాశాను.

ఇప్పుడు గూగుల్ డాక్స్‌లో 66 పాటలున్నాయి. పిన్నికి వీడియో కాల్లో అరగంట చూపించాను. రాత్రి తన మొదటి మాట పెట్టింది, 12వ పేజీలో. 'గరిసె' పక్కన కామెంట్: "మా చిన్నప్పుడు ఇందులో దాక్కునేవాళ్ళం."