అర్థం కోసం దాచుకున్న పరాయి మాటలు

ప్రశ్న (నల్లగొండ నుంచి)

ఒక భాష బొత్తిగా రాకపోయినా అందులోని ఒక్క మాట మనసులో నిలిచిపోవడం చాలామందికి అనుభవమే. నాకు జపనీస్ రాదు; అయినా ఆ భాషలోని ‘త్సుందోకు’ అన్న మాటను కొన్నేళ్ళుగా వదలలేకపోతున్నాను. కొన్న పుస్తకాలను చదవకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంచే అలవాటుకు అది పేరు. పేర్చి వదిలేయడాన్ని చెప్పే ‘త్సుందె ఒకు’లో చివర, చదవడాన్ని సూచించే ‘దోకు’ను అతికించి, మెయిజీ కాలంలో (1868-1912) ఎవరో చమత్కారంగా కట్టిన మాట అది. మా ఇంట్లో అలమర చాలక మంచం కిందికి చేరిన పుస్తకాలను చూపి, “ఇవి చదివేటందుకా, చెదలకా?” అని నా భార్య అడిగినప్పుడల్లా, ఈ జబ్బుకు ఇంకో దేశంలో పేరుందన్న ధైర్యమే నన్ను నిలబెడుతోంది. వినసొంపుగా ఉందని కాక, అర్థం మనకు అక్కరకొస్తుందని మీరు దాచుకున్న విదేశీ మాటలేవి? ఎక్కడ విన్నారో కూడా రాస్తే సంతోషిస్తాను.

జవాబు (జడ్చర్ల నుంచి)

నేను మస్కట్‌లో ఎనిమిదేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి వచ్చాను. నేర్చుకున్న అరబ్బీలో సగం మరచిపోయాను కానీ, ‘యాతీక్ అల్ ఆఫియా’ అన్న మాట మాత్రం పోలేదు. పనిలో ఉన్న మనిషి పక్కనుంచి వెళ్ళేవారు, ఆ మనిషి పరిచయం లేకపోయినా, దేవుడు నీకు ఆరోగ్యాన్నీ సత్తువనూ ఇవ్వాలి అన్న అర్థంలో ఆ మాట అంటారు; పనిచేసేవాడు ‘అల్లా యాఫీక్’ అని బదులిస్తాడు. మనవైపు ఉర్దూ మాట్లాడేవారు ‘ఖైరియత్, ఆఫియత్’ అంటున్నప్పుడు వినిపించేది ఆ ఆఫియానే. మనకు ‘సల్లంగుండు బిడ్డా’ ఉంది కదా అంటారేమో. అది పెద్దలు చిన్నవారికిచ్చే దీవెన. గడ్డపార పట్టుకున్న సాటి మనిషిని దాటి వెళ్తూ మనం ‘ఏం జేస్తున్నవ్?’ అని అడుగుతాం, అతను చేస్తున్నది కళ్ళముందు కనిపిస్తున్నా సరే. అక్కడ స్నానం చేసి వచ్చినవారితోనూ, క్షవరం చేయించుకున్నవారితోనూ ‘నయీమన్’ అంటారు. నిచ్చెనమీద మెడ విరుచుకుని వైర్లు లాగుతున్న నాకు మొదటిమాటే ఎక్కువ అవసరపడింది.

జవాబు (దేవరకొండ నుంచి)

మా అమ్మాయి జర్మనీలో చదువుకుంటోంది. తను ఫోనులో చెప్పగా నాకు తెలిసిన మాట ‘ఫైయరాబెంట్’. ఫైయర్ అంటే వేడుక, ఆబెంట్ అంటే సాయంత్రం. రెండూ కలిస్తే ఆనాటి ఉద్యోగం ముగిసిన వేళ. అక్కడివారు పని వదిలి వెళ్ళేటప్పుడు ఒకరికొకరు మంచి ఫైయరాబెంట్ కోరుకుంటారట. మాట నచ్చింది కానీ, దినమంతా పత్తి ఏరి, పొద్దుగూకినంక ఇంటికొచ్చి పొయ్యి ముట్టించే ఆడవారికి దీన్ని ఏ గంటకు చెప్పాలో నాకు తోచలేదు. మా అమ్మాయిని అడిగితే నవ్వింది, జవాబు చెప్పలేదు.

జవాబు (మక్తల్ నుంచి)

ప్రశ్న అడిగిన వారికి ఒక మనవి. మీ పుస్తకాలు పట్టని ఆ ‘అలమర’ పోర్చుగీసు మాట. పాలమూరు కూలీలను దూరదేశాల పనులకు తీసుకెళ్ళే ‘మేస్త్రి’ కూడా ఆ భాషలోని ‘మెస్త్రె’యే; అక్కడ దానికి గురువు, పనిలో ఆరితేరినవాడు అని అర్థం. ఇక్కడికొచ్చాక అడ్వాన్సు ఇచ్చి మనుషులను కూడగట్టేవాడు అయింది. పరాయి మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, అంటే ఆలోచింపజేసేది, ఇదే. అనువాదానికి లొంగని మాటలంటూ ఇంటర్నెట్‌లో తిరిగే జాబితాలను మాత్రం నేను నమ్మను. త్సుందోకును మీరే ఒక్క వాక్యంలో చెప్పేశారు. లొంగకపోవడమంటే మన ‘ఎంగిలి’ది: ఒకరి నోరు తగిలిందని ఇంగ్లిషులో చెప్పవచ్చు, కానీ అమ్మ బిడ్డకు పెట్టినప్పుడు లేని ఎంగిలి పక్కింటివాళ్ళ గ్లాసుకు ఎట్లా వస్తుందో చెప్పడానికి పేజీలు కావాలి.

ప్రశ్న అడిగినవారు

అలమర సంగతి తెలియక రాశాను. నా భార్యకు చదివి వినిపిస్తే, ఆ పోర్చుగీసు వస్తువును ముందు సర్దమన్నది. జడ్చర్ల మిత్రులకు ఒక సందేహం. మా పొలంలో వచ్చే వారం నాట్లు వేయడానికి పన్నెండుమంది ఆడవాళ్ళు వస్తున్నారు. ‘యాతీక్’ అన్నది ఆడవారికీ, గుంపుకూ అట్లాగే చెల్లుతుందా?

జవాబు (జడ్చర్ల నుంచి)

చెల్లదండీ. ఎదుట ఒక్క స్త్రీ ఉంటే ‘యాతీకి’ అనాలి, పదిమంది ఉంటే ‘యాతీకుమ్’ అనాలి. మీ నాట్లకు ‘యాతీకుమ్ అల్ ఆఫియా’ సరిపోతుంది. అయితే వాళ్ళు ఏందని అడుగుతారు కాబట్టి, అర్థం కూడా తెలుగులో చెప్పి, చాయ్ ముందే పంపించండి.