"కడుపు నొప్పి" మోటు మాటా? "పొట్ట నొప్పి" అనే అనాలా?

పాలమూరు_అమ్మ:
మొన్న ఆదివారం ఇంటికి చుట్టాలొచ్చిన్రు, అందరూ హాల్లో కూర్చున్నప్పుడు మా పాప (8 ఏళ్లు) వచ్చి "అమ్మా కడుపు నొస్తుంది" అన్నది. వెంటనే మా చిన్నత్తమ్మ "ఆడపిల్లవి, నలుగురిలో కడుపు అంటావేంటే, పొట్ట నొప్పి అనాలి" అని కసిరింది, పాప మొహం చిన్నబోయింది. మాది మహబూబ్‌నగర్ దిక్కు, అత్తగారిది భీమవరం. మా ఇంట్ల నేను పుట్టినకాడి నుంచి కడుపునొప్పే అంటరు, ఎవరూ తప్పు పట్టలేదు. కడుపు అనేది నిజంగనే మోటు మాటనా? నాకైతే అనిపించట్లే, కానీ పాపకు ఏం చెప్పాల్నో తెలుసుకోవాలని అడుగుతున్న.

గోదారి_గట్టు:
మీ చిన్నత్తగారిని తప్పుపట్టకండి. మా వైపు పెద్దాళ్లకి కడుపు అనగానే ముందు తోచేది గర్భమే. "కడుపొచ్చింది" అనేది పెళ్లికాని పిల్ల మీద వేసే నింద, అందుకే మంచి మాటగా చెప్పాలంటే నెల తప్పింది అంటారు, నీళ్లోసుకుంది అంటారు, కడుపు అన్న మాట నోట రానివ్వరు. పొట్ట అంటే ఆ గొడవ లేదు, పైకి కనిపించేది, అంతే. మగాడికి పొట్ట పెరిగింది అంటాం గానీ కడుపు పెరిగింది అనం కదా. నలుగురిలో పొట్ట అనడమే మర్యాద అని నా అభిప్రాయం.

తెలుగు_మాస్టారు:
గట్టుగారూ, నేను ఒప్పుకోను. పోతన 15వ శతాబ్దంలో భాగవతంలో "కలుగనేటికి తల్లుల కడుపుచేటు" అని రాశాడు, నేను ఆ పద్యం ఏళ్ల తరబడి క్లాసులో పిల్లలతో వల్లె వేయించాను, ఒక్క తల్లీ వచ్చి ఈ మాటేంటండీ అని అడగలేదు. కడుపుతీపి, కడుపుకోత, కడుపారా తినడం, "నీ కడుపు చల్లగుండ" అన్న దీవెన, వీటిల్లో కడుపు తీసేసి పొట్ట పెట్టి చూడండి, ఒక్కటీ నిలబడదు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి దగ్గరికెళ్లి పొట్టకోత అంటామా? మన భాషలో అమ్మకి సంబంధించిన బాధా ప్రేమా అన్నీ ఈ ఒక్క మాటలోనే ఉన్నాయి, దాన్ని పిల్ల నోట్లోంచి లాక్కుంటే నాకు చాలా బాధేస్తుంది.

గోదారి_గట్టు:
మాస్టారూ పద్యం వేరు, హాల్లో చుట్టాల ముందు మాట వేరు. పొట్టని మరీ చిన్నబుచ్చకండి, పొట్ట చేతపట్టుకుని ఊరు దాటిన వాళ్లం మేం, పొట్టకూటి కోసం, ఒకరి పొట్ట కొట్టకూడదు, బతుకుతెరువు మాటలన్నీ పొట్టవే.

తెలుగు_మాస్టారు:
అది నిజమే, కాదనను. కానీ ఇంకోటి చూడండి, "బిడ్డని కడుపులో పెట్టుకుని చూసుకుంది" అంటే ప్రాణంగా చూసుకుందని, "ఇంతమందిని పొట్టనబెట్టుకుంది" అంటే చంపిందని. రెండింట్లోనూ లోపల పెట్టుకోవడమే, కానీ అర్థం ఎంత దూరం పోయిందో చూడండి.

బెంగళూరు_బాబు:
ఇక్కడ కన్నడంలో హొట్టె అంటారు, అది మన పొట్టే. పాలు హాలు, పులి హులి అయినట్టు పకారం హకారం అయింది. హొట్టె నోవు అని ఆఫీసులో ఆడా మగా అందరూ అంటారు, ఎవరూ ఏమీ అనుకోరు, గర్భానికి బసిరు అని వేరే మాట ఉంది మరి. మన కడుపుమంటని వీళ్లు హొట్టెకిచ్చు అంటారు, తమిళంలో వయిత్తెరిచ్చల్, ఎవరి మాట వాళ్లదే గానీ మూడు చోట్లా అసూయ కాలేది కడుపులోనే. ఏ మాట మోటు అనేది ఊరి అలవాటు తప్ప మాటలో ఏమీ లేదు అనిపిస్తుంది.

వరి_రైతు_మిర్యాలగూడ:
నాకు పద్యాలు తెల్వయి కానీ ఒకటి చెప్త. వరి ఈనే ముందు కంకి లోపల ఉండి కాడ ఉబ్బుతది, దాన్ని మేము పొట్ట దశ అంటం, పొలం పొట్టకొచ్చింది అంటం, ఆ టైంల నీళ్లు ఆరబెడితే తాలు గింజలే మిగుల్తయి. అంటే పైరుకు పొట్ట అంటే కడుపే కదా సార్. గర్భం గుర్తొస్తదని కడుపు వద్దంటే పొట్ట కూడా వద్దనాలె మరి.

గోదారి_గట్టు:
ఇది నేను ఆలోచించలేదు, మా వైపూ పొట్టకొచ్చిందనే అంటారు.

నర్సక్క:
అందరూ మాట గురించే మాట్లాడుతున్నారు, పాపకి నొప్పి ఎక్కడో ఎవరూ అడగలేదు. నేను పిల్లల వార్డులో చేస్తాను. పుస్తకంలో జీర్ణాశయం అంటే అన్నం దిగే సంచి ఒక్కటే, ఎడమవైపు పక్కటెముకల కిందకి ఉంటుంది, కానీ మన జనం కడుపు అన్నా పొట్ట అన్నా రొమ్ము కింద నుంచి తొడల దాకా మొత్తం అదే, అందుకే నేను "వేలు పెట్టి చూపించు" అంటాను. అపెండిక్స్ నొప్పి చాలాసార్లు బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందకి దిగుతుంది, పిల్ల సిగ్గుపడి నోరు మూసుకుంటే ఆ గంటలు పోతాయి. రేపు నెలసరి మొదలయ్యాక పొత్తికడుపులో నొప్పి అని చెప్పాల్సింది కూడా ఈ పిల్లే, పొత్తికడుపుకి పొట్టతో ఇంకో పేరు నేనైతే వినలేదు. దయచేసి ఆ మాట దాచడం నేర్పకండి.

పాలమూరు_అమ్మ:
అందరికీ థాంక్స్. నర్సక్కా, పాపను అడిగిన, బొడ్డు పైన చూపించింది, ఆ రోజు జామకాయలు ఎక్కువ తిన్నదంట, సాయంత్రానికే తగ్గింది. వరి సంగతి చిన్నత్తమ్మకు ఫోన్ చేసి చెప్పిన, వాళ్లకు పొలం ఉంది కదా, కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత "అవునే, పొట్టకొచ్చిందనే అంటాం" అన్నది. అయినా కొత్తవాళ్ల ముందు మాత్రం వద్దు అన్నది. పాపకైతే నేను చెప్పిన, ఎవరి ముందైనా సరే, నొప్పి వస్తే నోటికి ఏ మాట ముందొస్తే ఆ మాట అనమని.